స్వతంత్ర సాఫ్ట్‌వేరు – ప్రాచ్యవిద్యా రక్షణము: ఒక విచారణము

ప్రాచ్య కళాశాలలలో కంప్యూటరు ప్రవేశించి మూడు దశాబ్దములు కావచ్చినది. తొలుత అది అచ్చుపనికి సాధనముగా వచ్చెను. నేడు పాఠప్రణాళికలు వ్రాయుటకు, తాళపత్రముల ఛాయాచిత్రములు దాచుటకు, సిద్ధాంతగ్రంథములు సమర్పించుటకు అదియే ఆధారమైనది. పూర్వము లేఖకుడు తాటియాకు ముదురో లేతయో చూచికొనెడివాడు. ఘంటము మొన పరీక్షించెడివాడు. వ్రాసిన పిదప మసి ఏ ఆకుతో కలిపి రుద్దవలెనో ఎఱిగియుండెడివాడు. సాధనజ్ఞానము లేని లేఖకుని ప్రతి నిలువదని అతనికి తెలియును. కంప్యూటరు విషయమున అట్టి పరీక్ష మన విద్యాలయములలో అరుదుగా జరుగుచున్నది. యంత్రముతోపాటు ఏది వచ్చిన దానినే వాడుట, అది పాతబడినదన్నచో మరియొకటి కొనుట అలవాటైనది.

ఈ అలవాటు వలన కలిగిన నష్టము చిన్నది కాదు. 1990లలో డీటీపీ పద్ధతిని కూర్చిన పరిశోధన పత్రికలు, పరిష్కృత గ్రంథములు, పదసూచికలు నేడు కంప్యూటరులో తెఱచినచో అనేకము చదువుటకు వీలుగాకున్నవి. కాగితముపై అచ్చు మిగిలినది. ఆ అచ్చునకు మూలమైన ఫైలు మాత్రము ఉండియు లేనిదైనది. చెదలు తినిన తాళపత్రమున మిగిలిన భాగమైనను చదువవచ్చును. ఈ ఫైలు అక్షరము పోకుండ ఉండియు అక్షరముగా కనబడదు. కావున ఈ విషయము మీమాంసకుల అధికరణ క్రమమున విచారింపదగినది.

1. విషయము

కంప్యూటరు యంత్రమునకును, దానిపై పనిచేయువానికిని నడుమ నిలిచి, జ్ఞాపకస్థానమును, మీటలను, తెరను, ముద్రణ యంత్రమును నడపు ప్రధాన ప్రోగ్రామునకు ఆపరేటింగ్ సిస్టమ్ అని పేరు. తక్కిన ప్రోగ్రాములన్నియు దాని ఆశ్రయమున నడచును. ఏ ప్రోగ్రామునైనను మొదట మనుష్యుడు చదువగల రూపమున వ్రాయుదురు. అది మూలసంకేతము, అనగా సోర్సు కోడు. దానిని యంత్రము మాత్రమే గ్రహింపగల అంకెల రూపమునకు మార్చి వినియోగమునకు ఇత్తురు.

ఈ భేదము వ్యాకరణ విద్యార్థికి సులభముగా బోధపడును. శబ్దమంజరి చేతికిచ్చినచో రామశబ్దపు రూపములు ఇరువదినాలుగును వచ్చును. అవి ఎట్లు సిద్ధించినవో తెలియదు. క్రొత్త శబ్దము ఎదురైనపుడు రూపము సాధించుట సాధ్యపడదు. సూత్రపాఠము, ప్రక్రియ ఇచ్చినచో విద్యార్థి తానే సాధించును. పొరపాటు కనబడినచో ఎచ్చట జరిగినదో చూపగలడు. మూలసంకేతము దాచి యంత్రరూపము మాత్రము విక్రయించు ప్రోగ్రాము మొదటి విధమైనది. మూలసంకేతముతో కూడ ఇచ్చునది రెండవ విధమైనది.

రెండవ విధమైన దానిని ఉద్యమముగా ఆరంభించినవాడు అమెరికా దేశీయుడైన రిచర్డ్ స్టాల్‌మన్. అతడు 1983 సెప్టెంబరులో గ్నూ అను పేరుతో ఒక సంపూర్ణ వ్యవస్థను నిర్మించు సంకల్పమును ప్రకటించెను. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఏర్పడెను. 1989లో జీపీఎల్ అను అనుజ్ఞాపత్రపు తొలి పాఠము వెలువడెను. వ్యవస్థకు గర్భస్థానము వంటి కెర్నెలును ఫిన్లాండు విద్యార్థియగు లైనస్ టోర్వాల్డ్స్ 1991లో వ్రాసి, మఱుసటి యేట జీపీఎల్ క్రిందకు తెచ్చెను. అదియే లైనక్స్. ఈ రెండింటి కలయికపై 1993లో డెబియన్, దాని ఆధారముగ 2004లో ఉబుంటు మొదలగు వ్యవస్థలు పుట్టినవి.

ఈ సంప్రదాయమున వినియోగించువానికి నాలుగు స్వాతంత్ర్యములు చెప్పబడినవి. ప్రోగ్రాములు వ్రాయువారి వాడుక ననుసరించి లెక్క సున్నతో మొదలగును. ఏ ప్రయోజనమునకైనను ప్రోగ్రామును నడపుకొనుట సున్నవది. దాని నిర్మాణమును చదివి తన అవసరమునకు మార్చుకొనుట మొదటిది. ప్రతులు తీసి ఇతరులకు ఇచ్చుట రెండవది. మార్చిన ప్రతిని కూడ లోకమునకు ఇచ్చుట మూడవది.

ఇచ్చట ఒక శబ్దవిచారము అవసరము. ఆంగ్లమున ‘ఫ్రీ’ అను మాటకు ‘వెల లేనిది’, ‘స్వేచ్ఛ గలది’ అని రెండర్థములు కలవు. తెలుగువారు తొందరపడి దీనిని ‘ఉచిత సాఫ్ట్‌వేరు’ అనుట కలదు. సంస్కృతమున ఉచితశబ్దమునకు తగినది, యుక్తమైనది అనియే అర్థము. వెల లేనిదను అర్థము తెలుగు వ్యవహారమున ఏర్పడినది. ప్రకృతమున విక్రయము నిషిద్ధము కాదు. జీపీఎల్ క్రింద ఉన్న ప్రోగ్రామును వెలకు అమ్మవచ్చును. కొనినవానికి పై నాలుగు స్వాతంత్ర్యములు ఉండవలెను, అంతియ. కావున ‘స్వతంత్ర సాఫ్ట్‌వేరు’, ‘స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు’ అనుటయే సాధువు.

తెలుగుదేశమున ఈ మార్గము క్రొత్తది కాదు. 2005లో హైదరాబాదున ఆరంభమైన ‘స్వేచ్ఛ’ సంస్థ డెబియన్ ఆధారముగా, ఆదేశములు తెలుగున కనబడునట్లు ఒక వ్యవస్థను అదే పేరుతో రూపొందించినది. అందు ఇంజనీరింగు విద్యార్థుల శ్రమ చాల కలదు. కేంద్రప్రభుత్వ సంస్థయగు సీడాక్ 2007లో బాస్ అను లైనక్స్ వ్యవస్థను వెలువరించెను. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఖతులు, రెడ్ హ్యాట్ సంస్థ పక్షమున వచ్చిన లోహిత్ తెలుగు ఖతి, సిలికానాంధ్ర పూనికతో వెలువడిన మండలి, రామభద్ర మొదలగు ఖతులు స్వతంత్రములు. సంస్కృత పక్షమున హైదరాబాదు విశ్వవిద్యాలయపు సంస్కృత అధ్యయన శాఖలో అంబా కులకర్ణి నాయకత్వమున పెరిగిన సంసాధనీ, ఫ్రాన్సులో జెరార్డ్ యూయే నిర్మించిన సంస్కృత హెరిటేజ్ సాధనములు సంధివిచ్ఛేదమును, పదవిశ్లేషణమును చేయును. వీని మూలసంకేతము బహిరంగముగా లభించును.

2. సంశయము

ఇట్టి వ్యవస్థను ప్రాచ్య కళాశాలలు స్వీకరింపవలెనా, లేక వాడుకలోనున్న వాణిజ్య వ్యవస్థయే చాలునా అని సంశయము.

3. పూర్వపక్షము

వాడుకలోనున్నదే చాలునని పూర్వపక్షము. దానికి నాలుగు హేతువులు చెప్పుదురు.

మొదటిది: అధ్యాపకులు, కార్యాలయ సిబ్బంది ఒక పద్ధతికి అలవడియున్నారు, వయసు మీఱినవారికి క్రొత్త అభ్యాసము క్లేశకరము. రెండవది: అచ్చుకూటములవారు పాత డీటీపీ ఖతులలోనే ప్రతిని కోరుదురు, ఆ ఖతులు, వాని కీబోర్డులు లైనక్స్‌లో యథాతథముగా నడువవు. మూడవది: చెడినపుడు బాగుచేయువాడు పల్లెలలో దొరకడు. నాలుగవది: యూనికోడు నేడు అన్ని వ్యవస్థలలోను ఉన్నది, అక్షరరక్షణ దానివలననే సిద్ధించుచుండగా మూలసంకేతపు స్వాతంత్ర్యముతో భాషాపండితునికి పనియేమి?

ఈ హేతువులలో మొదటి మూడు లోకానుభవముపై నిలిచినవి గాన తోసిపుచ్చదగినవి కావు. నాలుగవది శాస్త్రీయమైనది గాన ముందుగ దానికే సమాధానము చెప్పవలెను.

4. సిద్ధాంతము

పాత ఫైళ్ళు ఎందుకు చదువబడవో ముందు తెలియవలెను. ఆ కాలపు డీటీపీ ఖతులు రోమను అక్షరములకు కేటాయించిన స్థానములలో తెలుగు అక్షరఖండములను ఉంచినవి. ఫైలులో నిజముగా నిలిచినది రోమను సంకేతము; ఖతి ఉన్నంతవఱకు అది తెలుగుగా కనబడును. ఖతి లేనిచో అర్థము లేని గుర్తులు మిగులును. ఒక ఖతి పట్టిక మరియొక ఖతి పట్టికతో కలియదు. యూనికోడు ఈ అవస్థను తొలగించినది. భారతీయ ప్రమాణమగు ఇస్కీ ననుసరించి 1991లో యూనికోడు తెలుగు వర్ణములకు వేర్వేరు సంఖ్యలు ఇచ్చెను. ‘క్ష’ అను సంయుక్తాక్షరమున ‘క’కారము, పొల్లుగుర్తు, ‘ష’కారము అని మూడు సంఖ్యలు నిలుచును, వానిని కలిపి ఒక ఆకృతిగా చూపుట ఖతి, రూపకల్పన యంత్రాంగము రెండును కలిసి చేయు పని. హార్ఫ్‌బజ్ అను స్వతంత్ర యంత్రాంగము ఫైర్‌ఫాక్స్, లిబ్రే ఆఫీస్, ఆండ్రాయిడ్ మొదలగువానిలో ఈ పనియే చేయుచున్నది.

యూనికోడు వాణిజ్య వ్యవస్థలలోను ఉన్నదనుట నిజము. కాని సంఖ్య కేటాయించినంతనే అక్షరము తెరపై అవతరింపదు. తెలుగు అవగ్రహచిహ్నము, దంత్యములగు ౘ, ౙ యూనికోడులోనికి వచ్చినది 2008లో. వేదస్వర చిహ్నముల ప్రత్యేక విభాగము 2009లో చేరినది. నకారపొల్లు 2021లో మాత్రమే వచ్చినది. ఈ చిహ్నములను వాడువారు కొలదిమంది. వాణిజ్య సంస్థ తన ఖతిలో వానిని ఎపుడు చేర్చునో, చేర్చునో లేదో దాని లాభనష్టముల గణనపై ఆధారపడును. ఖతి మూలము చేతికి రాదు. వచ్చినను మార్చుటకు అనుజ్ఞ లేదు.

కోనసీమను ఉదాహరణముగా గైకొనుట తగును. గౌతమీ, వసిష్ఠా శాఖల నడుమ అగ్రహారములలో తైత్తిరీయ శాఖాధ్యయనము నేటికిని నిలిచియున్నది. అచ్చటి పాఠపుస్తకములు తెలుగు లిపిలో ఉండును. అనుదాత్తమునకు అక్షరము క్రింద అడ్డగీత, స్వరితమునకు పైన నిలువుగీత, దీర్ఘస్వరితమునకు జంట నిలువుగీతలు వేయుదురు. తెలుగు అక్షరములకు పైన తలకట్టు, గుడి, క్రింద వత్తు ఉండును. ఈ రెండింటి నడుమ స్వరచిహ్నము చోటు తప్పినచో వత్తుపై పడును, లేదా ప్రక్క అక్షరమునకు చెందినట్లు తోచును. స్వరము తప్పిన మంత్రపాఠము విద్యార్థికి ఉపకరింపదు, అపకరించును. ఈ దోషము స్వతంత్ర ఖతిలో కనబడినచో, వేదపండితుడు చోటు చూపగా ఖతి తెలిసిన విద్యార్థి దానిని సవరించి, సవరించిన ఖతిని పాఠశాలలన్నిటికి పంచవచ్చును. అందులకు ఎవరి అనుమతియు వేడనక్కఱలేదు. మూలసంకేత స్వాతంత్ర్యముతో భాషాపండితునికి గల పని ఇదియే.

ఇచ్చట పాణిని కారకప్రకరణము స్మరణీయము. అతడు కర్తను స్వతంత్రునిగ నిర్వచించెను. క్రియాసిద్ధికి మిక్కిలి ఉపకరించుదానిని కరణమనెను. గొడ్డలి బాగుగ నఱుకుచున్నదని కరణమును కర్తగ చెప్పుట వివక్షాధీనము. మాటలో అది చెల్లును. కాని ఏ ఫైలు తెఱువవలెనో, ఏ ఖతి నిలువవలెనో, ఏ యంత్రము మూలకు చేరవలెనో ప్రోగ్రాము నిర్ణయించి, పండితుడు దానికి లోబడియుండుట వివక్ష కాదు. అది వాస్తవముగా కర్తృత్వము చేయిమాఱుట.

ధర్మశాస్త్రదృష్టితో చూచినను ఈ మార్గపు స్వరూపము స్పష్టమగును. దానమునకును ఉత్సర్గమునకును భేదము కలదు. దానమున దాత తన స్వత్వమును వదలి, నిర్దిష్టుడైన ప్రతిగ్రహీతకు స్వత్వము కలిగించును. తటాకోత్సర్గమున కర్త చెఱువును సర్వభూతములకై విడుచును. పిదప అందఱివలె తానును ఆ నీరు వాడుకొనవచ్చును. స్వత్వము పూర్తిగ విడిచిన ప్రోగ్రాము ఈ ఉత్సర్గమునకు సమీపమున ఉండును. కాని అట్టి చెఱువునకు ఒక భయము కలదు: బలవంతుడు వచ్చి గట్టు వేసి తనది అనవచ్చును. జీపీఎల్ నిర్మాతలు దీనిని ఊహించి వేఱొక మార్గము త్రొక్కిరి. రచయిత స్వత్వమును వదలడు. ఆ స్వత్వబలముచేతనే అందఱికి అనుజ్ఞ ఇచ్చును, ఒక నియమముతో: ప్రోగ్రామునుగాని, మార్చిన రూపమునుగాని ఇతరులకు ఇచ్చువాడు తాను పొందిన స్వాతంత్ర్యములనే వారికిని ఇయ్యవలెను. తన ఇంట తాను మార్చి వాడుకొనువానికి ఈ నియమము లేదు, పంచునపుడే ప్రవర్తించును. కావున ఇది రూపమున ఉత్సర్గము కాదు, ఫలమున ఉత్సర్గమే. పైగా రక్షణతో కూడినది.

ఇక తక్కిన మూడు హేతువులు. అభ్యాసక్లేశము కొంత ఉన్నది. అయితే వాణిజ్య వ్యవస్థయు మాఱక నిలుచుట లేదు. విండోస్ 10కు సాధారణ భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. దాని తరువాతిదగు విండోస్ 11, టీపీఎం 2.0 అను భద్రతా భాగము లేని పాత యంత్రములను అంగీకరింపదు. మాఱుట రెండు పక్షములందును తప్పదు. ఒక పక్షమున యంత్రమును కూడ మార్చవలసి వచ్చును. గ్రంథములు కొనుటకే ధనము చాలని కళాశాలకు ఇది ఉపేక్షింపదగిన భారము కాదు. 64 బిట్ల పాత యంత్రములపై ఎక్స్‌ఎఫ్‌సీఈ వంటి తేలిక తెరతో డెబియన్ నేటికిని నడచును. కీబోర్డు విషయమునను ఊఱట కలదు: ఇన్‌స్క్రిప్టు, ఆపిల్, 1990లలో రైస్ విశ్వవిద్యాలయమున పుట్టిన ఆర్.టి.ఎస్., సంస్కృతమునకు ఐట్రాన్స్ మొదలగు పద్ధతులు లైనక్స్‌లో లభించును. చేయి అలవడిన పద్ధతినే పట్టుకొనవచ్చును.

అచ్చుకూటముల విషయమున మార్గము పీడీఎఫ్. ఖతులను లోపల పొదిగిన పీడీఎఫ్‌ను అచ్చుకూటమువాడు తన వ్యవస్థ ఏదైనను ముద్రింపగలడు. పాత డీటీపీ ఫైళ్ళను యూనికోడునకు మార్చు ప్రోగ్రాములు కలవు. కాని మార్చిన పాఠము పండిత శోధనము లేక ప్రమాణము కాజాలదు. ముఖ్యముగ అరసున్నలు, వత్తులు, విసర్గలు సరిచూడవలెను.

బాగుచేయువాడు దొరకడను హేతువునకు సమాధానము విద్యాలయముననే కలదు. ప్రతులిచ్చు స్వాతంత్ర్యము ఇచ్చట ఉపకరించును. రాజమహేంద్రవరమునుండి వచ్చు జాతీయ రహదారిపై జొన్నాడ వద్ద గౌతమి వంతెన దాటినవారు రావులపాలెమున కోనసీమలో ప్రవేశింతురు. జొన్నాడలో ఒక విద్యార్థి ఒక పెన్‌డ్రైవుపై వ్యవస్థను ఎక్కించుకొని, వంతెన దాటి, కొత్తపేటలో ఒక పాఠశాలకు, అమలాపురమున ఒక కళాశాలకు, రాజోలులో ఒక గ్రంథాలయమునకు ప్రతులు ఇచ్చుచు పోయినచో అది చౌర్యము కాదు, అనుజ్ఞాతమైన కార్యము. వాణిజ్య వ్యవస్థ విషయమున అదే పని చట్టవిరుద్ధము. ప్రతిని ఇచ్చినవాడు నడపు పద్ధతిని కూడ చెప్పిపోవును. శిష్యుడు గురువువద్ద ప్రతి వ్రాసికొని స్వగ్రామమునకు పోయి పాఠము చెప్పిన సంప్రదాయమునకు ఇది దూరమైనది కాదు. కేరళ రాష్ట్రము పాఠశాలలలో స్వతంత్ర సాఫ్ట్‌వేరునే బోధనసాధనముగ గైకొని, అధ్యాపకులకే శిక్షణ నిచ్చి నడపినది. భారత ప్రభుత్వమును 2015లో తన కార్యాలయములలో బహిరంగ మూలసంకేతమునకు ప్రాధాన్యమిచ్చు విధానమును ప్రకటించినది.

కావున ప్రాచ్య కళాశాలలు స్వతంత్ర వ్యవస్థను స్వీకరింపవలెనని సిద్ధాంతము. ప్రవేశపరీక్షలు, ప్రభుత్వ నివేదికలు మొదలగువానికి ప్రత్యేక ప్రోగ్రాము విధింపబడినచోట ఒక యంత్రమును పాత వ్యవస్థతో ఉంచుట దోషము కాదు.

5. ప్రయోజనము

స్వీకరించు క్రమము క్లుప్తముగ ఇట్టిది. తొలుత యంత్రములోని ఫైళ్ళన్నిటికి వేఱొక చోట ప్రతి తీయవలెను. పిదప వ్యవస్థను పెన్‌డ్రైవుపై ఎక్కించి, యంత్రములో నెలకొల్పకయే దానినుండి నడిపి చూడవచ్చును. లైవ్ పద్ధతి యని దానికి పేరు. తెర, ముద్రణయంత్రము, ఇంటర్నెట్టు సరిగ నడచుచున్నవని తేలిన పిమ్మట ఒక్క యంత్రమున స్థాపించి, ఒక విద్యాసంవత్సరము వాడి, తరువాత తక్కినవానికి విస్తరింపజేయవలెను.

పనులకు తగిన ప్రోగ్రాములు ఇవి. వ్యాసములు, ప్రశ్నపత్రములు వ్రాయుటకు లిబ్రే ఆఫీస్. తాళపత్రచ్ఛాయలను సరిదిద్దుటకు గింప్. అచ్చు పుస్తకపు పుటలనుండి అక్షరములను గ్రహించుటకు టెసెరాక్ట్. ఇది 1980లలో హెచ్‌పీ సంస్థలో పుట్టి 2005లో స్వతంత్రమైనది. తెలుగు, సంస్కృతములను గ్రహించును. దీర్ఘసమాసములు, అరుదైన సంయుక్తాక్షరములు గల పుటలలో దాని తప్పులు తప్పక శోధింపవలెను. గ్రంథపరిష్కరణమునకు డొనాల్డ్ క్నూత్ 1978లో తెచ్చిన టెక్ పద్ధతినుండి పెరిగిన జీలాటెక్ మిక్కిలి తగినది. దానితో రెలెడ్‌మాక్ అను అనుబంధము చేర్చినచో పంక్తిసంఖ్యలతో పాఠాంతరములు ఒక వరుసగా, వ్యాఖ్యలు మరియొక వరుసగా పుట అడుగున తమంతట తామే అమరును. మూలమున ఒక పంక్తి చేర్చినను సంఖ్యలన్నియు సరిపడును. చేతితో పాఠాంతరసంఖ్యలు దిద్దిన పరిష్కర్తకు దీని విలువ వేఱుగ చెప్పనక్కఱలేదు.

కళాశాల ఏ వ్యవస్థను వాడినను మూడు నియమములు తప్పక పాటింపవలెను. ప్రతి రచనను యూనికోడుననే వ్రాయుట మొదటిది. పీడీఎఫ్ ఒక్కటే గాక, సవరింపదగిన మూలరూపమును బహిరంగ ఆకృతిలో, అనగా ఓడీటీగానో సాదా అక్షరములుగానో, రెండు వేర్వేరు స్థలములందు భద్రపఱచుట రెండవది. వాడిన ఖతిని, దాని అనుజ్ఞాపత్రముతోపాటు, గ్రంథపు ఫైలు చెంతనే ఉంచుట మూడవది. ఈ మూడును వ్యయములేనివి; నేటినుండియే ఆరంభింపదగినవి. 1990ల నాటి పత్రికల ఫైళ్ళు ఇంకను మిగిలియున్న కళాశాలలు, వానిని కూర్చిన యంత్రములు, ఖతులు నడచుచుండగనే యూనికోడునకు మార్చి శోధించుట అత్యవసరము. ఆ పత్రికలలో అరసున్న ఎచ్చట ఉండవలెనో, ఏ పాఠము ఏ మాతృకనుండి వచ్చినదో నోటితో చెప్పగల పెద్దలు ఇప్పటికి కొందఱున్నారు. శోధనము వారు ఉండగనే జరుగవలెను.